నోట్లో ఏటీ నేదు

"ఇదెవల్ది?"

కొర్లయ్య అడగడం ఇది మూడోసారి. అతని అరచేతిలో బొటనవేలంత చుట్టముక్క ఉంది. వల కుట్టే దారం కోసం వంటింటి గూట్లో చెయ్యి పెడితే ఉప్పు డబ్బా వెనక దొరికింది.

తవిటమ్మ నోరు విప్పలేదు. విప్పే వీలు లేదు. ఆమె ప్లేటు ఇంకా గిన్నెలో నీళ్లలో నానుతోంది. ఎనిమిది నెలల కిందట ఆపరేషను చేసి, పుండుతో పాటు అంగిలిలో తీసేసిన చోట మిగిలిన కన్నానికి ఆ ప్లేటే మూత. అది లేకపోతే తాగిన గంజి ముక్కులోంచి వచ్చేస్తుంది, అన్న మాట ముక్కులోకి పోతుంది. రోజూ పొద్దున్న దాన్ని కడిగి నానబెట్టే ఆ పావుగంటా ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మొగుడికి ఆ సంగతి తెలుసు. తెలిసి తెలిసి ఇప్పుడే నిలదీస్తున్నాడని ఆమెకు ఒళ్లు మండింది.

"గంగమ్మ తల్లి మీద ఒట్టేసినావు కదే! డాకటేరు బాబు ఏటన్నాడు? కోసినంత మాత్రాన అయిపోనేదు, రెండేళ్లు బయం బయంగా ఉండాల, సుట్ట మళ్లీ ముట్టుకున్నావంటే రోగం తిరిగి లెగుస్తాది అన్నాడా నేదా? మళ్లీ కొయ్యడానికి నీ నోట్లో ఏటి మిగిలిందే?"

తవిటమ్మ ముక్కుతో ఏదో అంది. గట్టిగానే అంది. కొర్లయ్య మొహం చిట్లించి, అలవాటుగా మరదలి వైపు చూశాడు.

"తనది కాదంటంది బావా," అంది అసిరమ్మ పొయ్యి దగ్గర నుంచి.

అంతే. తవిటమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి, ప్లేటు తీసి, నీళ్లు కారుతుండగానే నోట్లో నొక్కుకుంది.

"నా మాట సెప్పడానికి నువ్వెవలివే? దేవుడు నీకో నోరిచ్చాడు కదా, నాదీ నువ్వే ఎత్తుకుపోతావేటి?"

"నీకు ప్లేటు నేదని సెప్పినానప్పా. నీకు సాయమే కదా."

"సాయం! వంటలో సాయం, గంపలో సాయం, ఇప్పుడు నా మాటలో సాయం! ఇంక నాకు మిగిలిందేటి?"

అక్కను అప్పా అనే పిలుపు ఆ పేటలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఈ ఇంట్లో ఆ పిలుపు వినబడితే చాలు, ఈ మధ్య తవిటమ్మకు కడుపులో మంట లేస్తోంది. అసూయను కడుపులో పెట్టుకుని పైకి నవ్వే నేర్పు ఆమెకు ఏనాడూ లేదు.

కొర్లయ్య చుట్టముక్కను పెళ్లాం మొహం ముందు పెట్టాడు.

"ముందు దీని సంగతి సెప్పు."

"నువ్వు కాల్చి పారేసిన ముక్క నువ్వే తెచ్చి నన్నడుగుతున్నావా?"

"నాదా? ఏదీ, పంటిగాటుందేటి సూడు! నాను కొరికి కొరికి కొస పిప్పి సేస్తానని నువ్వే కదే ఎక్కిరిస్తావు. దీనికి గాటే నేదు. ఇటు కొస పొడిగా అలాగే ఉంది. కాలిన కొస సూడు, ఎంగిలి తగిలి మసి ముద్దయినాది. ఇది అడ్డపొగ. నిప్పు కొస నోట్లో పెట్టుకున్న ఆడదాని సుట్ట."

తవిటమ్మ వంగి చూసింది. కాదనడానికి లేదు. పదమూడో ఏట మొదలుపెట్టి ముప్పై అయిదేళ్లు ఆమె తాగింది అలాగే. తెప్పల దగ్గర ఎంత గాలి కొట్టనీ, నోట్లో నిప్పు ఆరదు. రెండు చేతులూ గంప మీద ఉంటాయి, పెదవులు మూసి ఉంటాయి, లోపల వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే చివరికి ఆమె అంగిలిని తినేసింది.

"అడ్డపొగే," అంది నెమ్మదిగా. "ఒప్పుకున్నాను. మరి ఈ ఇంట్లో ఆడోలం ఎంతమందిమి మావా?"

పొయ్యిలో పుల్ల చిటపటమంది. అసిరమ్మ అంబలి గరిట ఆపింది.

"నానెప్పుడో మానీసినాను బావా. అప్పని ఆసుపత్రికి కోతకి తీసుకెల్లిన నాడే మానీసినాను," అంది, కుండలోకి చూస్తూ.

"ఇన్నావా?" అన్నాడు కొర్లయ్య. "అది అబద్దమాడదు."

మనిషిని నిలువునా కోయడానికి కత్తే అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో తవిటమ్మ గురించి ఆ మాట అతను ఒక్కనాడూ అని ఎరగడు. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక, అక్కకు ఆపరేషను అంటే చేతిసంచితో దిగిన చెల్లెలి గురించి ఎనిమిది నెలలకే అనేశాడు. తవిటమ్మ నోట్లో ప్లేటు బిగిసింది. ఏదైనా అందామంటే ఏడుపు వచ్చేటట్టుంది, ఏడిస్తే ముక్కులోంచి నీళ్లు కారతాయి, ఆ అవతారం వీళ్లిద్దరికీ చూపించడం ఆమెకు చావుతో సమానం.

కొర్లయ్య చుట్టముక్కను కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"రేపు నెల పరీచ్చ. ఫస్టు బస్సుకి ఆసుపత్రి. నాను సెప్పను, నువ్వూ సెప్పకు. డాకటేరు బాబు బల్ల మీద ఇది పెడతాను. ఆయనే అడుగుతాడు."

"పెట్టు. రోగం తిరిగొచ్చిందంటే పీడా పోద్దని సంబరపడుదువు గాని."

"నీ నోటికి దండమే," అని అతను గుమ్మం దాటాడు. తెప్పలు వచ్చే వేళయింది. దాటుతూ దాటుతూ వెనక్కి తిరిగి, "అసిరీ, అప్ప అంబలి తాగిందో నేదో సూడు," అన్నాడు.

ఆ పెద్దమనిషికి కోపంలోనైనా బుద్ధి ఉండాలి కదా! ఆ మాటేదో పెళ్లాంతోనే, "తాగవే" అని ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో.

అసిరమ్మ చోడి అంబలి గిన్నెలో పోసి, ఉండలు లేకుండా చిదిమి, చల్లార్చి, అక్క ముందు పెట్టింది. తవిటమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. గుమ్మంలో ఖాళీ గంప ఉంది. గంప తవిటమ్మది, దాని మీద పడున్న చుట్టకుదురు కూడా తవిటమ్మ పాత చీర చింపి చుట్టిందే. దాన్నిప్పుడు అసిరమ్మ నెత్తి మీద పెట్టుకుని చేపలమ్మడానికి ఊళ్లోకి పోతోంది. "కవళ్లో... నెత్తళ్లో..." అని తవిటమ్మ సాగదీసే కేకనే సాగదీస్తోందట. మొన్న ఎవరో వచ్చి, "నీ సెల్లి అరుపు అచ్చం నీ అరుపేనే, నువ్వే వచ్చినావనుకున్నాం" అని మెచ్చుకుని పోయారు. ఆ రాత్రి తవిటమ్మ అన్నం ముట్టలేదు.

కారం తగిలితే నోరు భగ్గుమంటుంది కాబట్టి ఆమెకు అంబలి, మెత్తటి అన్నం. పక్కనే కూర్చుని కొర్లయ్య కోనాం చేప ముక్కల పులుసు జుర్రుకుంటూ, "అసిరీ, ఇంకో ముక్కెయ్యి" అంటాడు. ఆ పులుసులో పడే చింతపండు పాళ్లు కూడా తవిటమ్మ నేర్పినవే. అసిరమ్మ నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి, అతను చూస్తాడు. తవిటమ్మ నోట్లోకి మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజు ఒక్కసారే చూశాడు. చూసి బయటికి పోయి ఇసకలో కూలబడ్డాడు. మళ్లీ చూడలేదు.

అందుకే ఆ పని కూడా అసిరమ్మ చేతికే పోయింది. రోజూ పొద్దున్న ప్లేటు తీశాక టార్చి వేసి నోరు చూడాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఎర్రగా గాని, తెల్లగా గాని కొత్త మచ్చ వచ్చినా, మానని పుండు కనిపించినా, నెల పరీక్ష దాకా ఆగకుండా వచ్చెయ్యమన్నాడు. తవిటమ్మ తన అంగిలిని తాను చూసుకోలేదు. ఆపరేషను తర్వాత ఆమె నోరు రెండు వేళ్ల మందం కంటే తెరుచుకోదు. ఫోను టార్చి కింద నుంచి ఏటవాలుగా పట్టి చూసే ఒడుపు అసిరమ్మకే తెలుసు.

మొదట్లో చూస్తూ వేళాకోళాలాడేది. "ఓలప్పా, ఇందులో ఒక తెప్ప కట్టీయొచ్చే! లోపలెవలైనా ఉన్నారేటి?" అనేది. "ఎర్ర నేదు, తెల్ల నేదు, ఎనకపక్క సుబ్బరం, పక్కలు సుబ్బరం" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. ఇప్పుడదేమీ లేదు. ఈ పొద్దు కూడా చూసి, "ఏటీ నేదప్పా" అని టార్చి ఆర్పేసి, గిన్నె కడగాలని అటు తిరిగిపోయింది. నిన్నా అంతే, మొన్నా అంతే. గంప రుచి మరిగింది, ఇంక నా నోరు దీనికేం కనిపిస్తుంది అని తవిటమ్మ మూడు రోజులుగా కుళ్లుకుంటోంది.

"గంపెత్తుకుని ఎల్లవా?" అంది చివరికి. "నీ కోసం ఊరంతా ఎదురు సూస్తాది."

అసిరమ్మ కదల్లేదు.

"ఆ సుట్ట నాదే అప్పా."

తవిటమ్మ తలెత్తింది. గెలిచినందుకు సంతోషించాలి. ఎందుకో వెంటనే రాలేదు.

"నాకు తెల్సు. మరి మావ ముందర ఆ నంగనాచి మాటలెందుకే?"

"పొద్దుపొద్దున్నే తెప్పల కాడ నిలబడితే సలికి పళ్లు టకటకమంటాయి. సుట్టూ ఉన్నోలంతా నోట్లో నిప్పెట్టుకుని ఎచ్చగా ఉంటారు. నాలుగు రోజులు ఓర్సుకున్నాను. అయిదో రోజు ఓర్సుకోనేకపోనాను." అసిరమ్మ గొంతు తగ్గించింది. "నీ గంప మోస్తే నీ బుద్దులు రావేటి మరి?"

"ఏలాకోలం ఆపు. అడిగిందానికి సెప్పు."

"నిజం సెప్తే బావ నన్ను పొమ్మంటాడు. అప్ప బతుకు అలాగయిందని తెలిసీ అదే ఇంట్లో పొగ తాగుతావా అని పొమ్మంటాడు."

"పొమ్మంటే పో. నీకు ఊరు నేదా, ఇల్లు నేదా?"

"నాను పోతే నీ నోరెవలు సూస్తారే?"

ఆ మాట అసిరమ్మ మామూలుగానే అంది. తవిటమ్మకు మాత్రం అది దెబ్బలాగే తగిలింది. అవును, ఎవరు చూస్తారు? చూసేవాళ్లు లేకే కదా, ఈ ఇంటినంతా దీని చేతికి అప్పజెప్పి కూర్చుంది!

"నా నోరు సూడ్డానికే ఉన్నావేటి?" అంది. "నా మొగుడి మొహం సూడ్డానికి కాదూ?"

అనేసింది. ఎనిమిది నెలల నుంచి నాలుక చివర ఆడుతున్న మాట బయటపడింది. బయట కాకి అరుస్తోంది. అసిరమ్మ మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఫక్కుమని నవ్వింది.

"ఓలమ్మ! నీ మొగుడా? పంది గురకా ఆడూను! నీ దగ్గరే దాసుకో తల్లీ, నాకొద్దు. నాకున్న మొగుడితోనే సాలా పడ్డాను."

తవిటమ్మకు నవ్వు రాబోయింది. ఆపుకుంది. నమ్మాలనే ఉంది, కానీ నమ్మితే ఇన్నాళ్ల కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు.

"నోరు తెరు," అంది.

"ఏటి?"

"నోరు తెరువే. రోజూ నా నోట్లో దీపమెట్టి నా సిగ్గంతా సూస్తన్నావు. ఒక్కసారి నీ నోరు నాకు సూపించు."

"నా నోట్లో ఏటుంటాది?"

"అంతా ఉంటాది. కొయ్యని అంగిలి ఉంటాది. అదెలాగుంటాదో నాను మర్సిపోనాను. సూడనీ."

అది నిజం. కోపంతో అడిగిందీ కాదు, ప్రేమతో అడిగిందీ కాదు. పోగొట్టుకున్న నగ ఇంకొకరి మెడలో ఉందని తెలిస్తే దగ్గరికి పోయి చూడాలనిపించదూ? అదీ సంగతి. అసిరమ్మ అక్కను కాసేపు చూసి, గుమ్మం వెలుతురులో కూర్చుని తల వెనక్కి వాల్చింది. తవిటమ్మ కంటి శిబిరంలో ఇచ్చిన అద్దాలు పెట్టుకుని, ఫోను టార్చి వేసి వంగింది.

ఎంత బాగా తెరుచుకుంది నోరు! ముందు కనిపించింది అదే. ఆ తర్వాత అంగిలి. తెల్లగా, మందంగా, ఎండిన ఉప్పు మడిలా ఉంది. అక్కడక్కడా ఎర్ర చుక్కలు. దానికి తవిటమ్మ జంకలేదు. పేటలో అడ్డపొగ తాగే ఆడవాళ్లందరి అంగిలీ అంతే. టార్చి కొంచెం వెనక్కి జరిపింది.

ఎడమ పక్కన, వెనకగా, శనగబద్దంత పుండు. అంచులు కాస్త లేచి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు ఫోనులో ఫొటో తీసి, "ఇదిగోనమ్మా నీది" అని చూపించడం తవిటమ్మ మరిచిపోలేదు. అదే పక్క, అంతే పుండు, అవే అంచులు. అప్పటికి ఆమెకు నొప్పి కూడా లేదు. నొప్పి లేదు కదా అనే ఆపరేషనుకు ఒప్పుకోకుండా రెండు నెలలు పోనిచ్చింది.

చెప్పాలి. ఈ క్షణమే చెప్పాలి. రేపు బస్సులో ఇద్దరూ పోవాలి. పుండు అంత చిన్నగా ఉన్నప్పుడే చూపిస్తే గండం గడిచిపోతుందేమో కూడా.

కానీ మనసు మంచిచెడ్డలు అడిగి రాదు. తవిటమ్మకు ముందుగా కళ్ల ముందు ఆడింది ఆసుపత్రి వరండా. ఇరవై రెండు రోజులు కొర్లయ్య అక్కడ పాత పేపరు పరుచుకుని పడుకున్నాడు. వేట జోరుగా ఉన్న రోజులు, అయినా సముద్రం మొహం చూడలేదు. ముక్కులో గొట్టం తీసిన రోజున కొబ్బరినీళ్లు చెంచాతో ఒక్కొక్క చుక్కే పోస్తూ, చుక్కకొకసారి "దిగిందా?" అని అడిగాడు. వంట పోయింది, గంప పోయింది, కేక పోయింది. ఆ ఇరవై రెండు రోజులు మాత్రం తనవే, అచ్చంగా తనవే. ఇప్పుడు ఈ మాట చెప్తే అతను మళ్లీ అదే వరండాలో పేపరు పరుచుకుంటాడు. అసిరి కోసం.

తిట్టుకునేవాళ్లు తవిటమ్మను తిట్టుకోండి. నేనూ తిట్టుకున్నాను.

"ఏటుందప్పా?" అంది అసిరమ్మ, నోరు మూసి.

"ఏటీ నేదు."

తవిటమ్మ టార్చి ఆర్పేసింది. చెల్లెలి మొహం చూడలేక అటు తిరిగింది. చేతికి ఏదో ఒక పని కావాలి కాబట్టి ప్లేటు నానబెట్టే గిన్నె తీసుకుంది, కడగడానికి.

గిన్నె చేతిలోకి వచ్చాక ఆమె ఆగిపోయింది.

ఏటీ నేదు. టార్చి ఆరడం. మొహం తిప్పుకోవడం. గిన్నె కడగడం. పొద్దున్న అసిరమ్మ చేసింది ఇదే. నిన్నా ఇదే, మొన్నా ఇదే. ఎర్ర నేదు, తెల్ల నేదు అనే పాఠం లేదు, వేళాకోళం లేదు. గంప కోసం తొందరపడుతోందని తను కుళ్లుకుంది. ఆ మాట అసిరమ్మ గొంతులో ఎలా పలికిందో ఇప్పుడు తన గొంతులో విన్నాక గాని ఆమెకు తెలియలేదు.

గిన్నె పక్కకి ఒరిగింది. అడుగున మిగిలిన నీళ్లు చీర మీద ఒలికాయి.

"అసిరీ," అంది, వెనక్కి తిరగకుండానే. "మూడ్రోజుల నుండి నా నోట్లో ఏటి సూస్తన్నావే?"

తవిటమ్మ తిరిగి చూసింది. అసిరమ్మ గుమ్మంలో అలాగే కూర్చుని ఉంది. నాలుక లోపల అంగిలి వెనక ఎక్కడో తడుముతున్నట్టు దవడ మెల్లగా కదులుతోంది. కళ్లనిండా నీళ్లున్నాయి.

"పరీచ్చ ఎలాగూ రేపే కదా, ఆయనే సెప్తాడనుకున్నానప్పా," అంది. "నా నోటితో ఎలా సెప్పీది?"

"ఏటి సూసినావో సెప్పు."

"నువ్వు ముందు సెప్పు." అసిరమ్మ పైటతో కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు నా నోట్లో నువ్వేటి సూసినావో సెప్పు. 'ఏటీ నేదు' అనే ఆ మాట ఎలాగంటారో నాకెరికేనే. మూడ్రోజులు నానన్నదే కదా."

అంబలి మీద మీగడ కట్టింది.

బయట అడుగుల చప్పుడు దగ్గరైంది. తడి వల నేల మీద పడిన శబ్దం.

"అసిరీ! అప్ప తాగిందా?" అని కేకేశాడు కొర్లయ్య.

ఈ ఎనిమిది నెలల్లో మొదటిసారి, అతను ఎవరి పేరు పిలిచాడో తవిటమ్మ పట్టించుకోలేదు.